సల్లటి ఇంజన్

చలికాలం పొద్దున కారు తీయగానే వచ్చే పెట్రోలు వాసనకు ఇప్పటికీ నా తల వంగిపోతుంది.

ఛత్రినాకలో మా బాపు టాక్సీ నడిపేవాడు. నన్ను బడిలో దింపేటప్పుడు, "ఇంజన్ ఇంక సల్లగుంది బిడ్డా," అంటూ మెల్లగా పోనిచ్చేవాడు. రిక్షాలు కూడా మమ్మల్ని దాటిపోయేవి. బాపుకు భయమనుకున్నాను.

"నీకు బండి నడపరాదని మా క్లాసోళ్లు నవ్వుతున్నరు బాపూ," అన్నానొకరోజు.

బాపు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. వెనకబడ్డ రిక్షాలకు నేను చేయి ఊపాను. బడి చేరేసరికి ఇంజన్‌లో టకటక మొదలైంది.

"ఠండా ఇంజన్‌ను గిట్ల ఉరికిచ్చిందెవరు భాయ్?" అని, సాయంత్రం బాపుతో షెడ్డుకు వెళ్తే మెకానిక్ అడిగాడు.

"నేనే. తొందరల తొక్కిన," అన్నాడు బాపు, నా వైపు చూడకుండా.

టాక్సీ నెలరోజులు షెడ్డులోనే ఉంది.

నిజానికి క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ సంగతి బాపుకు నేను చెప్పనేలేదు.