స్టాఫ్‌రూంలో నేను చెప్పిన మాట

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా లోపల బరువుగా కూర్చుని ఉంది. పెద్ద నేరమేమీ కాదులే అని నాకు నేను ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. ఎవరి ప్రాణమూ పోలేదు. ఎవరి ఇల్లూ కూలలేదు. అయినా హాజరు పిలిచేటప్పుడు అప్పటి నా విద్యార్థిని పేరున్న అమ్మాయి ఎవరైనా "ప్రెజెంట్ మేడం" అంటే, ఇప్పటికీ తల ఎత్తి ఆ ముఖం చూస్తాను. ఇంట్లో మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను బోధన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెప్పేదాన్ని. రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. స్రవంతి అనుకుందాం, అసలు పేరు రాయను. రెంజల్ వైపు ఒక పల్లె. తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది. తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, అది మూతపడ్డాక ఆటో నడుపుకుంటున్నాడు. పిల్ల పొద్దున్నే ఒక గ్లాసు చాయ్ తాగి మొదటి బస్సెక్కేది. తెలివైనదే. కానీ మూడో పీరియడ్‌కల్లా ముఖం వాడిపోయేది. బ్యాగును పొట్టకు అదిమి పట్టుకుని, ఏమడిగినా తల దించుకునేది.

ఒకరోజు ల్యాబ్‌లో అందరూ వెళ్లిపోయాక ఆపి అడిగాను. బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తర్వాత ఏడుస్తూ చెప్పింది.

"కడుపు ఉబ్బుతది మేడం. గాలి ఆపుకుంట కూసుంట. పాఠం ఒక్క ముక్క ఇనపడది."

తొమ్మిదో తరగతిలో ఒకసారి ప్రార్థన జరుగుతుండగా చప్పుడైందట. వెనక వరుస అంతా నవ్విందట. అప్పటి నుంచి స్కూల్లో అన్నం తినడం మానేసింది. స్కూలు బాత్రూమ్‌కు వెళ్లడమూ మానేసింది. ఖాళీ కడుపు, దాని మీద చాయ్, ఆ పైన రోజంతా బిగబట్టుకోవడం. ఎంత భయపడితే అంత ఉబ్బేది. ఎంత ఉబ్బితే అంత భయం. ఈ సంగతి పక్కన కూర్చునే రజితకు తప్ప ఎవరికీ తెలియదని చెప్పింది. ఇంట్లో తల్లికి కూడా.

ఆమెకు నేను సాయం చేశాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. చేసిన మంచి కూడా చెప్పకపోతే, తర్వాత చేసింది ఎంత చెడ్డదో మీకు అర్థం కాదు. తల్లిని పిలిపించి డాక్టరుకు చూపించమన్నాను. రోగమేమీ లేదన్నారు. పొద్దున ఏదో ఒకటి, ఒక్క రొట్టె ముక్కైనా తిని రమ్మన్నాను. అన్నం గబగబా మింగకుండా నమిలి తినమన్నాను. తిన్నాక గ్రౌండ్ చుట్టూ రెండు చుట్లు తిరగమన్నాను, రజిత తోడు తిరిగేది. భయం వేసినప్పుడు పొట్ట మీద చేయి పెట్టుకుని మెల్లగా ఊపిరి తీసి వదలడం నేర్పాను. బెంచీ తలుపు పక్కకు మార్చి, అడగకుండానే లేచి బయటికి వెళ్లొచ్చని చెప్పాను. "గాలి అందరికీ వస్తది, ఆపుకుంటేనే నొప్పి" అని రోజుకోసారైనా చెప్పేదాన్ని. రెండు నెలల్లో పిల్ల మారింది. క్లాసులో చేయెత్తి జవాబు చెప్పింది. ఆ రోజు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తర్వాత స్టాఫ్‌రూం. మధ్యాహ్నం పూట లెక్కల సారు, "ఆ పిల్ల మాటిమాటికి బయటికి పోతది, మీరే నెత్తికి ఎక్కించుకున్నరు మేడం" అన్నాడు. ఆమెను వెనకేసుకురావాలనే నోరు తెరిచాను. ఉన్న సంగతి చెప్పాను. ఎవరో ఫక్కున నవ్వారు. నేను ఆ స్కూల్లో చేరి అప్పటికి నాలుగు నెలలు. నా మాటకు అక్కడ ఎవరూ నవ్వింది లేదు, నన్ను టీకి పిలిచింది లేదు. ఆ నవ్వు నాకు నచ్చింది. ఇంకొంచెం చెప్పాను. ఆమె బ్యాగును ఎలా పట్టుకుంటుందో చేసి చూపించాను. ఏడుపు గొంతుతో "కడుపు ఉబ్బుతది మేడం" అని అనుకరించాను. అందరూ పడిపడి నవ్వారు. మొదటి సగం ఆమె కోసమే చెప్పాను. రెండో సగం నా కోసం చెప్పుకున్నాను. ఈ తేడా నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసీ ఎందుకు ఆగలేదు?

వారం తిరక్కుండానే, లెక్కల పీరియడ్‌లో స్రవంతి లేచి తలుపు వైపు నడుస్తుంటే సారు, "ఏందమ్మా, సిలిండర్ నిండిందా?" అన్నాడట. క్లాసంతా గొల్లున నవ్విందట. ఆ సాయంత్రం ఆమె ల్యాబ్ తలుపు దగ్గర నా కోసం నిలబడి ఉంది. ఏడవడం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"మేడం, మీరు ఎవరికన్న చెప్పిండ్రా?"

"నేనా? నేనెందుకు చెప్త?"

"మరి సారుకెట్ల ఎరుక?"

"నాకేం తెల్సు. ఇంకెవరికి చెప్పినవ్ నువ్వు?"

"రజితకే మేడం. ఇంకెవ్వరికి చెప్పలే."

చేతిలో ఉన్న రికార్డు పుస్తకాలు సర్దుకున్నాను. ఆ కాసేపట్లో నిజం చెప్పడానికి చోటు ఉంది. చాలా చోటు ఉంది. తర్వాత అన్నాను: "మరి చూడు బిడ్డా. దోస్తులు గిట్లనే ఉంటరు."

అంతే. రజిత చెప్పిందని నేను అనలేదు. అనకుండానే అన్నాను.

మరుసటి రోజు నుంచి స్రవంతి వేరే బెంచీకి మారింది. రజితతో మాట బంద్. మూడో రోజు రజిత నా దగ్గరికి వచ్చింది. నూనె రాసిన రెండు జడలు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. "మేడం, మీరన్న చెప్పుండ్రి ఆమెకు. అమ్మతోడు, నేను ఎవ్వరికి చెప్పలే" అంది. మీ ఇద్దరి మధ్యలోకి నేను రానన్నాను. పరీక్షల మీద ధ్యాస పెట్టమన్నాను. ఆ పిల్ల నన్ను అనుమానించలేదు. నా చూపు నేల మీదే ఉందని గమనించిందో లేదో తెలియదు. మిగిలిన నెలలు గ్రౌండ్‌లో స్రవంతి ఒక్కతే తిరిగేది. రజిత మెట్ల మీద కూర్చుని చూసేది. నేను కిటికీలోంచి ఇద్దరినీ చూసేదాన్ని. పదో తరగతి అయిపోయి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆ ఏడాది చివర నేనూ ఆ స్కూలు మానేశాను.

పోయిన వానాకాలం నిజామాబాద్ బస్టాండ్‌లో ఎవరో "మేడం" అని పిలిచారు. స్రవంతి. నర్సింగ్ చదివి, నిజామాబాద్‌లోనే ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. నా చేయి పట్టుకుని వదల్లేదు.

"మీరు నేర్పిన ముచ్చట్లే మేడం, మా వార్డుల భయపడే పిల్లలకు నేను చెప్తున్న. మీరు లేకుంటే నేను బడి బంద్ చేస్తుంటి."

నేను నవ్వాను. తర్వాత ఎందుకో, ఉండబట్టలేక, రజిత ఎలా ఉందని అడిగాను. ఏ జవాబు వస్తుందని ఆశపడ్డాను? కలిసిపోయారని వింటే నా పాపం తగ్గిపోతుందనుకున్నానా?

"వర్ని ఊరి దిక్కు పెండ్లి చేసి ఇచ్చిండ్రు మేడం. పెండ్లికి కార్డు పంపింది. నేను పోలే. గంత నమ్మినంక గట్ల చేస్తే ఎట్ల పోత?" సంచీ భుజానికి సర్దుకుంటూ మళ్లీ అంది. "అప్పటిసంది మనసుల మాట ఎవ్వరికి చెప్త లేను. నన్ను కన్న అవ్వకు గూడ."

అది నేర్పింది కూడా నేనే. ఊపిరి తీసుకోవడం నేర్పాను, మనుషుల్ని నమ్మకపోవడం నేర్పాను. మొదటిదానికి దండం పెడుతోంది, రెండోది ఎవరు నేర్పారో ఆమెకు తెలియదు. నిజం నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. అంతలో ఆమె బస్సు వచ్చింది. ఫోన్ నంబరు రాసిచ్చి, వానలో పరుగెత్తి ఎక్కింది. ఆ బస్సు రాకపోయినా చెప్పేదాన్ని కాదని మీతో మాత్రం ఒప్పుకుంటాను.

నంబరు నా దగ్గరే ఉంది. ఫోన్ చేస్తానా? చేస్తానని మీకు మాటిస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు. చేస్తే రజితకు తన స్నేహితురాలు తిరిగి దొరకవచ్చు. స్రవంతికి మాత్రం నమ్ముకున్న ఒక్క టీచరూ పోతుంది. ఆమె మంచి కోసమే ఆగుతున్నానని కొన్ని రోజులు అనుకున్నాను. కాదు. ఆ దండం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరు ఆ ఇద్దరిలో ఎవరూ కారు.

ఆ సాయంత్రం ఆమె అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. నేనే చెప్పిన స్రవంతీ. నవ్వించేటందుకు చెప్పిన. రజితకు ఏ పాపం తెలవది.

రెండుసార్లు చదువుకున్నాను. కొట్టివేయలేదు.