నేతవీధి నీళ్లతొట్లు

2006లో నగరి చుట్టుపక్కల మగ్గాల ఊళ్లు చాలా వరకు చికున్‌గున్యాతో మూలపడ్డాయి. జ్వరం నాలుగు రోజుల్లో పోయేది, కీళ్లనొప్పులు మాత్రం నెలల తరబడి వదిలేవి కావు. మగ్గంమీద నాడె విసిరే వేళ్లు బిగుసుకుపోతే నేతగాడికి ఇంకేం మిగులుతుంది? అలాంటి ఒక ఊళ్లో మునిరామయ్య మలేరియా వర్కరు. ఇంటింటికీ వెళ్లి తొట్లలో దోమపిల్లలు వెతకడం, నీళ్లు పారబోయించడం అతని ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఆడవాళ్ల చేత తిట్లు తింటున్నాడు.

తిట్టరా మరి? నేతవీధికి కొళాయి నీళ్లు వారానికొకసారి. తాగడానికైనా, నూలుకు గంజి పెట్టడానికైనా ఆ తొట్టే దిక్కు. నీళ్లలో కలపాల్సిన మందు ఎప్పుడొస్తుందని అడిగితే పైవాళ్లు "ముందు పారబోయించవయ్యా" అని కసిరేవాళ్లు. జనం మాత్రం తక్కువ తిన్నారా? ఇతన్ని చూడగానే తొట్టిమీద పాత చీర కప్పి, నూలు కట్టలు పేర్చి, "మా ఇంట్లో తొట్టే లేదు" అని బొంకేవాళ్లు. దోమలకు మందుపొగ కొట్టే పొగబండి వస్తే మాత్రం ఎగబడి పొగలో నిలబడేవాళ్లు. పొగకు తొట్లో పురుగు చావదని చెప్పీ చెప్పీ అతని నోరు నొప్పి పుట్టింది.

చివరికి పంచాయతీ ప్రెసిడెంటు సుందరరాజు దగ్గరికి వెళ్లాడు.

"పారబోసిన పూటే ట్యాంకరు పంపించప్పా. నీళ్లొస్తాయంటే వాళ్లే పారబోస్తారు."

"శుక్రవారం పారబోయించు. మధ్యాన్నానికి రెండు ట్యాంకర్లు ఆడుంటాయి, నాదీ పూచీ" అన్నాడు సుందరరాజు.

ఆ పూచీని నమ్మి మునిరామయ్య వీధంతా తిరిగి మాటిచ్చాడు. దేవకమ్మ అందరికంటే ముందు తొట్టి ఖాళీ చేసి కడిగింది. ఆమె పెనిమిటి వేళ్లు ముడవలేక మగ్గం పక్కనే పడి ఉన్నాడు మరి. ఆమెను చూసి మిగతావాళ్లూ పారబోశారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మునిరామయ్యకు మనసు నిండింది ఆ ఒక్క పూటే.

ట్యాంకర్లు రాలేదు. జ్వరాలు చూడడానికి పైనుంచి ఒక పెద్దసారు వస్తున్నాడని, దుమ్ము లేవకుండా రోడ్డు తడపడానికి వాటిని తీసుకెళ్లారు. జ్వరంతో పడి ఉన్నవాళ్ల తాగునీళ్లు కారు టైర్ల కింద పోశారు! ఆ సారు నేతవీధికి రానేలేదు. పొగబండి పక్కన ఫోటో దిగి వెళ్లిపోయాడు. ఆ పైవాళ్లమీదా, వాళ్ల కింద పనిచేస్తున్న తనమీదా మునిరామయ్యకు అసహ్యం పుట్టింది. కొళాయి నీళ్లు వచ్చేదాకా ఆ ఆడవాళ్లు వాచిన మోకాళ్లతో పక్కూరి బావి నుంచి బిందెలు మోశారు.

మరుసటి శుక్రవారం మళ్లీ వెళ్లాడు. వెళ్లక తప్పదు, రిజిస్టరు అడుగుతారు. దేవకమ్మ తొట్టి నిండుగా ఉంది. ఈసారి చీర కూడా కప్పలేదు. లోపల దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి.

"పారబోయమని సెప్పన్నా, వింటాను" అంది.

అతను తొట్టి మీంచి చూపు తిప్పి రిజిస్టరు తెరిచాడు.

"సెప్పలేవులే. నీకింకా సిగ్గుండాది."

ఆమె చెంబు ముంచి, కొంగు అడ్డం పెట్టి గిన్నెలోకి వడగట్టింది. పురుగులు కొంగుమీద మిగిలాయి. ఆ నీళ్లతోనే కాఫీ కాచి గ్లాసు చేతికిచ్చింది.

"తాగు. మేము దినామూ తాగేది ఇదే."

మునిరామయ్య తాగాడు. రిజిస్టరులో ఆ ఇంటికెదురుగా 'నీళ్లు పారబోశారు' అని రాసి, పక్కింటికి వెళ్లాడు.