ఎండిన కాలువ మీద కారు

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ దెబ్బతిన్నాక, ఇంట్లో కారు నడిపే పని నా మీద పడింది. అంతకు ముందు ఆ కారే మా బతుకుతెరువు. కొత్తచెరువు పక్కన మా పల్లె నుంచి పెళ్లిళ్లకీ ఆసుపత్రులకీ ఆయన బాడుగకు తిప్పేవాడు. నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు, కదిరిలో ఫిజియోథెరపీకి మానకుండా తీసుకుపోవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. కుడి చేత్తో కమ్మీ పట్టుకోలేని మనిషిని బస్సు మెట్లు ఎక్కించడం నా వల్ల కాలేదు. చివరికి మా తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని, కోతలు అయిపోయిన చేన్లలో కారు నేర్చుకున్నాను.

ఆయనకు అన్నీ అర్థమవుతాయి. చెప్పాలనుకున్న మాట మాత్రం నోటికి రాదు. నీళ్లు కావాలంటే "గొళ్లెం" అనేవాడు. అది తప్పని తనకే తెలిసి, ఇంక ఏమీ అడక్కుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు. తినమంటే తినేవాడు, లెమ్మంటే లేచేవాడు. ఇది కావాలి అని ఆయనంతట ఆయన అడిగింది చాలా నెలలుగా ఏదీ లేదు.

ఆ చలికాలం కారు గేర్లు బిగుసుకున్నాయి. పొద్దున పూట రెండో గేరు వేయబోతే కర్రుమని శబ్దం చేసి వెనక్కి తన్నేది. ఆ శబ్దం వచ్చినప్పుడల్లా పక్క సీట్లో ఆయన ముఖం చిట్లించేవాడు. ఒకరోజు ఇంటికి వచ్చాక చెప్పాను.

"రేపు కదిరిలో షెడ్డు కాడ ఇడ్సిపెట్టి వద్దామప్పా. గేరు సరిగా పడ్తాలేదు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. మంచం కింద నుంచి స్పానర్ల పెట్టెను ఎడమ చేత్తో లాగి, కాలితో నా వైపు తోశాడు. కారు పనంతా ఎప్పుడూ తనే చేసుకునేవాడు. వేరేవాళ్లను బానెట్టు కూడా ఎత్తనిచ్చేవాడు కాదు.

"నీ చెయ్యి ఆడ్తాలేదు కదప్పా. ఎవరు చేసేది?"

"నువ్వు," అన్నాడు.

"నేనా?"

"నువ్వు," అని మళ్లీ అన్నాడు. ఆ మాట తడబడకుండా, స్పష్టంగా వచ్చింది.

కాదనడానికి నాకు మనసు రాలేదు. కారు పని నాకు ఓనమాలు కూడా తెలియదు. కానీ ఆయన ఏదో ఒకటి కావాలన్నాడు, అదే నాకు చాలనిపించింది. గేర్ల ఆయిలు మార్చాలని సైగ చేసి ఆయన చూపించిన పాత ఆయిలు డబ్బా పట్టుకుని కొత్తచెరువులో స్పేర్ పార్టుల కొట్టుకు పోయి, అదే రకం గేర్ ఆయిలు, బోల్టుల కింద వేసే కొత్త వాషర్లు తెచ్చాను.

జాకీ మీద లేపిన కారు కిందికి పోవాలంటే నాకు భయం. దానికి ఆయనే దారి చూపించాడు. కారెక్కి, మా చేను వైపు చెయ్యి చాపాడు. ఒకప్పుడు మా చీనీ బత్తాయి చెట్లకు నీళ్లు పారడానికి కట్టిన సిమెంటు కాలువ అక్కడ ఉంది. ఆ బోరు ఎండిపోయింది, చీనీ చెట్లూ ఎండిపోయాయి. తర్వాత దూరంగా వేసిన బోరులో కాసిన్ని నీళ్లు పడితే డ్రిప్పు పైపులు పరిచాం. కాలువ అట్లే మిగిలిపోయింది. రెండు గట్ల మీద రెండు వైపుల చక్రాలు సరిగ్గా కూర్చుంటాయి, మధ్యలో మనిషి పడుకునేంత లోతు ఉంటుంది. ఆయన ఎడమ చేత్తో సైగలు చేస్తుంటే మెల్లగా ఎక్కించి నిలిపాను. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాను. ఇంటి నుంచి చేను దాకా నడిచొచ్చిన కారు గనుక లోపలి ఆయిలు వేడెక్కి పల్చబడి ఉంటుంది. ఆ వేడి మీదే పాత ఆయిలు కిందికి దింపాలని స్పేర్ పార్టుల కొట్టాయన చెప్పాడు.

మా అత్త కూడా వెంట వచ్చింది. నేను చీర మీద ఆయన పాత చొక్కా తొడుక్కుని కాలువలోకి దిగుతుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏందిమ్మే ఇది. ఊర్లో మెకానిక్కులు లేరా, నువ్వు కారు కింద దూరేది?"

"నీ కొడుకే దూరమన్నాడత్తా. నువ్వు ఆ సెల్లు లైటు పట్టుకో. ఈడ ఏమీ కనపడ్తాలేదు."

గొణుక్కుంటూనే పట్టుకుంది. గేర్ బాక్సుకు రెండు బోల్టులు కనిపించాయి. ఒకటి అడుగున, ఒకటి కాస్త పైన పక్కగా. ఆయిలు దింపాలంటే అడుగుదే ఇప్పాలి కదా అనుకుని కింద బేసిన్ పెట్టి, స్పానరు బిగించాను. గట్టు మీద వంగి చూస్తున్న ఆయన బానెట్టు మీద టపటపా కొట్టాడు.

"కాదు. కాదు."

"మరి యాడ?"

మాట కోసం వెతుక్కుంటున్నాడని తెలుస్తోంది. ఒకసారి "చెంబు" అన్నాడు, ఒకసారి "తలుపు" అన్నాడు. మామూలుగా అయితే ఆ పాటికి వదిలేసి పక్కకు తిరిగేవాడు. ఆరోజు వదల్లేదు. కొంచెం ఆగి, "నోరు. ముందు నోరు," అన్నాడు.

కొత్త ఆయిలు పోసే నోరు. పైనున్న బోల్టు. అది వస్తుందో రాదో చూసుకోకుండా కిందిది ఇప్పేస్తే, ఉన్న ఆయిలు కారిపోతుంది, కొత్తది పోయడానికి దారి ఉండదు. కారు ఆ కాలువ మీదే కదలకుండా ఉండిపోతుంది. అది నాకు అర్థమయ్యాక స్పానరు తీసి పై బోల్టుకు పెట్టాను.

ఆయన అనుమానపడినట్టే పై బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగినా కదల్లేదు. కిరసనాయిలు చల్లి, నానేదాకా గట్టు మీద ముగ్గురం బొరుగులు తింటూ కూర్చున్నాం. ఆ తర్వాత ఆయన పాత బోరు దగ్గర పడివున్న ఇనుప పైపు ముక్కను కాలితో దొర్లించుకుంటూ తెచ్చాడు. దాన్ని స్పానరు పిడికి తొడిగి, కాళ్లు కాలువ గోడకు తన్నిపెట్టి లాగాను. టక్కుమని శబ్దం వచ్చింది. స్పానరు విరిగిందేమో అనుకున్నాను. బోల్టు వదిలింది.

ఇంక కింది బోల్టు సులభంగానే వచ్చింది. నల్లటి ఆయిలు వెచ్చగా నా మోచేతి దాకా కారి బేసిన్‌లో పడింది. ఎండలో పెట్టి చూస్తే అందులో సన్నటి ఇనుప పొడి మెరిసింది. ఆయన వేలు ముంచి రాసి చూసుకుని, పరవాలేదన్నట్టు తల ఊపాడు. బోల్టు తుడిచి, కొత్త వాషరు వేసి బిగించాను.

కొత్త ఆయిలు పైనుంచి పోయాలి. సీసా కోసి గరాటా చేసి, దానికి డ్రిప్పు పైపు ముక్క తగిలించి, బానెట్టు లోపలి నుంచి కిందికి వదిలాం. కింద పైపు కొసను ఆ నోట్లో పెట్టి పట్టుకునేది నేను. పైన పోసేది ఆయన, ఎడమ చేత్తో. గరాటా ఎవరు పట్టుకుంటారన్నది ఎవరికీ తోచలేదు. అత్త చేతిలో లైటు ఉంది.

మొదట కొంచెం ఒలికి నా నుదుటి మీద పడింది. ఆ తర్వాత ధార సరిగ్గా రావడం మొదలైంది. అంతలో లైటు పక్కకు పోయింది.

"అత్తా, లైటు యాడ పెట్టినావు?"

లైటు వెనక్కి రాలేదు.

"అత్తా."

"ఉండు," అంది. "వాడు గరాటా పట్టుకున్యాడే. కుడి చేత్తో."

నేను పైపు వదిలి పైకి రాలేను. ఇంజను సందుల్లోంచి తల తిప్పి చూస్తే, వెలుగులో కాస్త కనపడింది. ఆయిలు మరకల వేళ్లు వంకరగా గరాటాను పట్టుకుని వణుకుతున్నాయి. మధ్యలో జారాయి. ఆయన మళ్లీ పెట్టాడు. ఏమన్నా అంటే ఆ చెయ్యి తీసేస్తాడేమోనని భయమేసింది. గేర్ బాక్సు నోటి అంచు నుంచి ఆయిలు బయటికి కారేదాకా పోయించి, "చాలప్పా, నిండింది," అన్నాను.

ఆ బోల్టూ బిగించి, కారును గట్టు మీద నుంచి దించి, చేను దారిలో నడిపాను. రెండో గేరు మెత్తగా పడింది. ఆయన గేరు రాడ్డు వైపు చూసి, నా వైపు చూసి, "పో," అన్నాడు. ఇంటి ముందు ఆపబోతే మళ్లీ "పో" అన్నాడు. అత్తను ఇంటి దగ్గర దించి, చేతులకు ఆయిలుతోనే పెద్ద రోడ్డు ఎక్కాం.

కొంచెం దూరం పోయాక ఒక టీ అంగడి దగ్గర ఆపించాడు. అంగడాయన కిటికీ దగ్గరికి వచ్చి, "ఏమన్నా, శానా రోజులైపాయ నిన్ను చూసి. టీలో చక్కెరా, బెల్లమా?" అన్నాడు.

ఎక్కడికి పోయినా ఆయన బదులు నేనే జవాబు చెప్పడం అలవాటైపోయింది. ఆరోజూ నోరు తెరిచాను. ఆయన నా మోచెయ్యి మీద చెయ్యి వేసి ఆపాడు. అంగడాయన స్టవ్వు మీద పాలు పొంగుతున్నా కదలకుండా నిలబడ్డాడు.

"బెల్లం," అన్నాడు మా ఆయన. కాస్త ఆగి, "రెండు," అన్నాడు.