ఆవకాయ జాడీ మీద విచారణ

రాబర్ట్‌సన్‌పేట బజారులో మా బట్టల అంగడి పక్కనే వెంకటేశయ్య కిరాణా అంగడి. బంగారు గనులు నడిచే రోజుల్లో లోపల బండ పగిలినప్పుడల్లా పైన నేల అదిరేది. మేమంతా ఉలిక్కిపడేవాళ్లం. ఆయన మాత్రం అరల వైపు చూసేవాడు. బిస్కెట్ల డబ్బా పడితే చిన్న అదురు, నెయ్యి డబ్బా పడితే పెద్దది. గనులు మూతపడి నీళ్లతో నిండిపోయాక కూడా అదురు ఆగలేదు, ఈయన తీర్పులూ ఆగలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన సామాన్ల గదిలో కునుకు తీస్తుండగా భార్య విశాలమ్మ పుట్టింటి ఆవకాయ జాడీ భళ్లున పగిలింది. కళ్లు తెరిచేసరికి ఆమె పక్కనే నిలబడి ఉంది.

"భూమి ఊగిందే!" అన్నాడు.

"భూమి కాదు, మీ కాలు," అంది ఆమె.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆవకాయ బంద్. అడిగితే, "మళ్లీ భూమి ఊగితే?" అనేది. ఆయన గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో "మధ్యాహ్నం 3.10, భూమి ఊగింది" అని రాసి, ఆ కాగితం చింపనివ్వలేదు. మూడేళ్లు ఆ ఇంట్లో అదే నెల నడిచింది.

ఒక రోజు సబ్బు కోసం వచ్చిన ఇంజనీరు నరసింహప్ప మాటల్లో చెప్పాడు. పాత గని షాఫ్టులో నిండిన నీళ్లలోకి మైకు దించి, బండలు పగిలే చప్పుడు వింటున్నారట. సముద్రం అడుగున అగ్నిపర్వతం కదిలినా ఇట్లాంటి మైకులతోనే పసిగడతారట. నాలుగేళ్ల చప్పుళ్లు తేదీ, గంటతో సహా ఉన్నాయట.

"అయితే నా జాడీ సంగతి కూడా ఉంటాది!" అన్నాడు వెంకటేశయ్య.

మర్నాడే ఉతికిన చొక్కా తొడిగి, క్యాలెండరు చంకన పెట్టుకుని, సాక్షిగా నన్ను లాక్కుని షాఫ్టు దగ్గరి షెడ్డుకు బయల్దేరాడు. నరసింహప్ప కంప్యూటర్లో ఆ తేదీ తీశాడు. గీత తిన్నగా ఉంది.

"ఆ పొద్దు ఏమీ లేదయ్యా."

"సరిగ్గా చూడప్పా. మైకు నిద్రపోయి ఉంటాది."

"మైకు నిద్రపోదయ్యా," అని కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాడు.

తిరిగొచ్చే దారిలో నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. ఆ అచ్చు కాగితం చించి పారేయమన్నాను. వినలేదు. "మూడేండ్లు భూమ్మీద నింద వేసినాను గదప్పా," అన్నాడు.

ఇంటికొచ్చి విశాలమ్మ చేతిలో కాగితం పెట్టాడు. "భూమి ఊగలేదంట. నా కాలే. తప్పయిపోయింది."

ఆమె కాగితం చూడనే లేదు. కూలబడి ఏడ్చేసింది.

"మీ కాలు కాదు. నా చేతిలోంచి జారింది. చెప్పేదానికి నోరు తెరిచేలోపల మీరే భూమి ఊగింది అనేస్తిరి. మీరు అరలు చూస్తే దొరికిపోతానని భయమై మీ కాలు అంటిని. ఇంగ ఆ మాట ఎట్ల వెనక్కి తీసుకునేది?"

నేను చెప్పుల కోసం వెతుక్కున్నాను. వెంకటేశయ్య ముఖం కందగడ్డ అయింది.

"మూడేండ్లు ఆవకాయ లేకుండా చేస్తివి గదే!"

"నేను మాత్రం తింటినా?" అంది విశాలమ్మ.