ఓడలో నచ్చని లాబ్‌స్టర్ కోసం మిర్యాలగూడ దాకా

పోయిన చలికాలం నేనూ మావారూ చెన్నైలో క్రూయిజ్ ఓడ ఎక్కాం. సముద్రం, డెక్కు, పాటలు అన్నీ ఒక ఎత్తు, రెండో రోజు లాబ్‌స్టర్ డిన్నర్ ఒక్కటీ ఒక ఎత్తు అనుకుని వెళ్లినదాన్ని నేను. దానికోసమని పట్టుచీర ఇస్త్రీ చేయించి మరీ పెట్టెలో సర్దుకున్నాను. తీరా ప్లేటు వచ్చాక చూస్తే ఒక తోక ముక్క, దాని మీద గడ్డకట్టిన వెన్న, పక్కన నిమ్మచెక్క. కొరికితే సాగింది, నమిలితే ఎంతసేపటికీ గొంతు దిగలేదు. మావారు రెండు ముక్కలు తిని, పెరుగన్నం దొరుకుతుందేమోనని మెల్లగా వాకబు చేశారు. సూర్యాపేట తిరిగొచ్చాక ఈ బ్లాగులోనే ఉన్నదున్నట్టు రాసి కడుపుమంట తీర్చుకున్నాను.

ఆ పోస్టు కింద ప్రభాకర్ అనే ఆయన కామెంట్ పెట్టారు. తనది కోదాడ అనీ, ఏడేళ్లు క్రూయిజ్ ఓడల వంటింట్లో పనిచేశాననీ, నేను రాసింది నిజమేననీ. ఫోన్‌లో మాట్లాడితే అసలు సంగతి తెలిసింది. మిర్యాలగూడలో ఆయన మామగారు ఏసోబుగారి ఇంటికి రోడ్డు వైపు ఒక షటర్ గది ఖాళీగా ఉంది. అందులో చిన్న హోటల్ పెట్టుకుని, ఇక ఓడ ఎక్కకుండా ఇక్కడే ఉండిపోవాలని ప్రభాకర్ ఆశ. మామగారేమో ఆ గదిని మొబైల్ షాపు పెట్టేవాళ్లకు ఇద్దామనుకుంటున్నారు. చివరికి, ఓడలో తిన్న మనిషి ఎవరైనా వచ్చి అల్లుడి వంట బాగుందని చెబితే అల్లుడికే ఇస్తానన్నారట. లేదంటే ప్రభాకర్ వచ్చే నెల మళ్లీ తొమ్మిది నెలలకు ఓడ ఎక్కాల్సిందే.

"ఇంతకు ముందైతే పోయేటోణ్ని మేడం. ఈసారి పాప ఎయిర్‌పోర్టు దాకా వస్తానంటంది. రానిస్తే, మళ్లీ వెనక్కి ఎట్ల పంపాలండి?" అన్నారు. శనివారం వస్తానన్నాను.

శనివారం పొద్దున ఏడింటికే ప్రభాకర్ ఫోన్. వైజాగ్ నుంచి లాబ్‌స్టర్లు తెస్తున్న ప్రైవేటు బస్సు కోదాడలో పెట్టె దించడం మరిచిపోయి సూర్యాపేటలో దించిందట. "మీరెట్లాగూ అక్కణ్నుంచే వస్తున్నరు కదా మేడం, జర పట్టుకొస్తరా?" అంటే, తినబోయేదాన్ని నేనే మోసుకెళ్లే యోగం కూడా పట్టిందన్నమాట అనుకున్నాను. థర్మకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఎనిమిదింటి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి నాకు ఖర్చు లేదు. లోపల ఏదో గీరుతున్న చప్పుడు విని కండక్టరమ్మ ఆగింది.

"ఏందమ్మా అండ్ల? కోడిపిల్లలా?"

"కాదమ్మా, సముద్రం రొయ్యలు. పెద్దవి."

"పానంతోని ఉన్నయా?" అని ఒకడుగు వెనక్కి వేసి, "మూత గట్టిగ పట్టుకో తల్లీ, బయటికొస్తే నాకు చెప్పొద్దు" అంది. పక్క సీటు పెద్దావిడ కోదాడ వచ్చేదాకా కాళ్లు పైకి పెట్టుకునే కూర్చుంది.

గంటలో కోదాడ చేరాను. బస్టాండులో నిలబడి ఉన్న ప్రభాకర్ మొదట పెట్టెకు దండం పెట్టి, తర్వాత నాకు పెట్టారు. అక్కడే బెంచీ మీద మూత తీసి చూశారు. తడి గోనెగుడ్డ కింద నాలుగు లాబ్‌స్టర్లు. మూడు మీసాలు కదుపుతున్నాయి, ఒకటి కదల్లేదు. దాన్ని వాసన చూసి పక్కన పెట్టేశారు. కూల్‌డ్రింకు షాపులో ఐసు కొని పెట్టెలో సర్ది, ఇద్దరం మిర్యాలగూడ బస్సు ఎక్కాం. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా రెండు గంటలు పడుతుంది. మగవాళ్లు వంద రూపాయలు చేతిలో పెట్టుకుంటే టికెట్‌కు సరిపోతుంది.

దారిలో నా పాత పగ బయటికి తీశాను. అంత పెద్ద ఓడ, అంత ఆర్భాటం, ఆ లాబ్‌స్టర్ అట్లా ఎందుకుందని. ప్రభాకర్ కోపం తెచ్చుకోలేదు.

"అది గడ్డకట్టిన సరుకు మేడం. అక్కడిదాకా తప్పేం లేదు, పద్ధతిగా చేస్తే అది కూడా బాగనే ఉంటది. కానీ హాల్లో అందరికీ ఒక్కసారే వడ్డించాలె. రెండు పంక్తులకు కలిపి ముందే కాల్చి వేడి అల్మారాల పెడతం. లాబ్‌స్టర్ ఆగదండి. పొయ్యి దిగినంక దాన్ని నిలబెడితే రబ్బరే. మొదటి పంక్తిల కూసున్నోళ్లు అదృష్టవంతులు. మీరు రెండో పంక్తి, అవునా?"

అవును. పట్టుచీర కట్టుకోవడం ఆలస్యమై రెండో పంక్తిలో కూర్చున్నాం. ఆ మాట మాత్రం ఆయనకు చెప్పలేదు.

"వండేటోళ్లకు తెల్వదనుకోకండి. ప్లేట్లు తిరిగొస్తుంటే చూస్తం కదా. బాధైతది. కానీ వెనక ఇంకో అయిదొందల ప్లేట్లు ఉంటయి" అన్నారు. నేరేడుచర్ల దాటేదాకా రోడ్డుకు రెండు పక్కలా కోతకొచ్చిన వరి, మిల్లుల ముందు లారీల వరస. ఆ వంటింటి మనుషుల మీద నాకున్న కోపం ఆ దారిలోనే ఎక్కడో దిగిపోయింది.

మిర్యాలగూడ బస్టాండు నుంచి షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. పన్నెండింటికి ఇంటికి చేరాం. ఏసోబుగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. తెల్లటి పంచె, గంభీరమైన మనిషి. ప్రభాకర్ ఓడ మీద ఉన్నన్నాళ్లూ ఆయన భార్య రూతు, ఏడేళ్ల పాప ప్రిన్సీ ఈ ఇంట్లోనే ఉంటారు. సెలవులకు వస్తే ముగ్గురూ కోదాడ వెళ్లిపోతారు. ఈ భోజనం కోసమని రూతు, పాప ముందురోజే ఇక్కడికి వచ్చేశారు.

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, ఏసోబుగారు ప్రార్థన చేయకుండా ముద్ద ముట్టరు. ఆ ప్రార్థన పొట్టిది కాదు. లాబ్‌స్టర్ ముందే చేస్తే ప్రార్థన అయ్యేసరికి ఓడలో లాగే అవుతుంది, ప్రార్థన అయ్యాక మొదలుపెడితే పెద్దాయన ఆకలితో కూర్చోవాలి. వంటింట్లో మొగుడూ పెళ్లాలు గుసగుసలాడుకోవడం నాకు వినిపిస్తూనే ఉంది.

"నాయిన 'ఆకలిగొన్నోళ్లకు అన్నం పెట్టు' అంటడు సూడు, ఆ మాట రాంగనే పెనం మీద వెయ్యి. అదే చివర. ఆమెన్ అనేసరికి అయితది" అంది రూతు. రోజూ వినే మనిషి, ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

అందరం కూర్చున్నాం. ఏసోబుగారు కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. ఇంటికి, ఊరికి, వానలకు, బస్సు నడిపేవాళ్లకు, అతిథిగా వచ్చిన నాకు కూడా దీవెనలు అడిగారు. "ఆకలిగొన్నోళ్లకు అన్నం పెట్టు తండ్రీ" అనగానే వంటింట్లోంచి చుయ్యిమని వెన్న చప్పుడు, వెల్లుల్లి వాసన. నా నోట్లో నీళ్లూరాయి. అంతలో పెద్దాయన అదే ఊపులో అన్నారు.

"సముద్రం మీదున్న మా అల్లుణ్ని కాపాడు తండ్రీ. తుఫాన్ల నుంచి తప్పించి మళ్ల ఇంటికి తోలియ్యి."

ప్రిన్సీ కళ్లు తెరిచింది. "డాడీ వంటింట్ల ఉన్నడు కదా తాతా!"

ఏసోబుగారు ఆగిపోయారు. కళ్లు తెరవలేదు, ఆమెన్ అనలేదు. రోజూ విని విని రూతుకు ఆ మాట ఉందన్న సంగతే గుర్తు లేదు. ప్రభాకర్ ఆ ప్రార్థన ఎప్పుడూ వినలేదు. ఆయన లేనప్పుడు చేసే ప్రార్థన కదా! పట్టకారు చేతిలో అట్లాగే పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"రోజూ అంటవా మామా?"

"రోజూ అంటున్న. పొద్దున, రాత్రి." పెద్దాయన కళ్లు తెరిచి అల్లుడి వైపు తిరిగారు. "నేను గూడ ఉద్యోగంల సగం రాత్రులు బయటనే పండుకున్న. కానీ నా కింద రోడ్డుండేది బిడ్డా. నీ కింద ఏమున్నది?"

నేను కళ్లు తుడుచుకున్నాను, అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. చివరికి రూతే కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "నాయినా, ఆమెన్ అనుండ్రి. ఆడ మాడుతున్నది" అంది.

ఆమెన్ అన్నాం. ప్రభాకర్ వంటింట్లోకి పరుగెత్తారు.

ప్లేటు నా ముందుకొచ్చింది. చూడడానికి బంగారంలా ఉంది. నిమ్మకాయ పిండుకుని కొరికాను. సాగింది! చెన్నై ఓడలో సాగినట్టే సాగింది. అందరూ నా మొహమే చూస్తున్నారు. బాగుందని ఒక్క మాట అంటే అయిపోతుంది, కానీ వంట తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే నోరు రాలేదు.

"గట్టిపడింది" అన్నాను.

"అవును మేడం. మూడు నిమిషాలు ఎక్కువైంది" అని ప్రభాకర్ తలవంచుకున్నారు. ఏసోబుగారు తన ముక్క తీరిగ్గా నమిలి, కష్టపడి మింగి, చెయ్యి కడుక్కున్నారు. ఫోన్ తీసి మొబైల్ షాపతనికి చేశారు. "షటర్ వేరేటోళ్లకు ఇస్తున్న, ఏమనుకోకు" అని పెట్టేశారు.

"బాగలేదు కదా మామా" అన్నారు ప్రభాకర్ నమ్మలేనట్టు.

"బాగలేకుంటే రేపు మళ్ల సెయ్యి, ఎల్లుండి మళ్ల సెయ్యి. చేపల పులుసు గూడ పెట్టు, గీ రొయ్యనే రోజూ ఎవడు తింటడు? ఇగ గా మాట నా ప్రార్థనల నుంచి తీసెయ్యాలె, దానికి నువ్వు గీడ ఉండాలె."

మూడింటి బస్సుకు సూర్యాపేట తిరిగొచ్చాను. ఈ సంగతంతా రూతు రాయమంటేనే, పేర్లు మార్చి రాస్తున్నాను. ఓడలో లాబ్‌స్టర్ డిన్నర్ తినాలని వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగిన చిట్కా ఒక్కటే. మొదటి పంక్తిలో చోటు అడిగి తీసుకోండి, ప్లేటు రాగానే ఫోటోలు మానేసి తినండి. ఆలస్యమై గట్టిపడిన ముక్క వస్తే మాత్రం వండినవాణ్ని తిట్టుకోకండి. వాడి ఇంట్లోనూ అన్నం ముందు కళ్లు మూసుకునే పెద్దవాళ్లుంటారు, ఆ సంగతి వాడికి తెలియకపోవచ్చు కూడా. నెల తర్వాత హోటల్ తెరిచాక వెళ్లి తిన్నాను, లాబ్‌స్టర్ వెన్నలా ఉంది. ఏసోబుగారికి మాత్రం ఆ మాట నోటి నుంచి పోవడం లేదట. "సముద్రం మీదున్న మా అల్లుణ్ని" అని అలవాటుగా మొదలుపెట్టి, మధ్యలో గుర్తొచ్చి, "మా అల్లుణ్ని కాదు తండ్రీ, మిగిలినోళ్ల అల్లుళ్లను" అని సరిచేసుకుంటున్నారట.