అక్క చెప్పులు విప్పిన పరీక్ష

అక్కా నేనూ ఒకే ఇంట్లో అన్నదమ్ములను చేసుకున్నాం. మహారాష్ట్రలో ముద్‌ఖేడ్ దగ్గరి పల్లెలో పదహారేళ్ళుగా మాది ఒకే పొయ్యి. అయినా ఆమె చూపు ఎంత పోయిందో నాకు తెలియలేదు. రేచీకటి అనుకున్నాం. నాయనకూ ఉండేది. మునగాకు, బొప్పాయి తినిపించి ఊరుకున్నాం. ఇది రక్తంలో వచ్చేదనీ, కంటి వెనక పొర మెల్లమెల్లగా పాడవుతుందనీ, తిండితో ఆగదనీ నాందేడ్‌లో డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది.

ఒక మందు ప్రయోగంలో ఉందనీ, దానికి మనుషుల్ని ఎంచుతున్నారనీ కూడా ఆమే చెప్పింది. చూపు బాగున్నవాళ్ళను తీసుకోరు, పూర్తిగా పోయినవాళ్ళనూ తీసుకోరు. అందుకని ముందు కొలవాలి. అక్క ఆ వారమంతా మాహూర్ కొండ మీది రేణుకా దేవికి మొక్కుతూనే ఉంది. "ఉన్న చూపన్న నిలవడితె సాలు, మాహూర్‌కు నడిసి పోత" అంది.

అక్షరాల అట్ట, చుక్క కనిపిస్తే బటన్ నొక్కే డబ్బా అయ్యాక మమ్మల్ని చివరి గదిలోకి తీసుకెళ్ళారు. నేల మీద నల్ల పట్టా పరిచి, దళసరి తెల్ల బాణాలు అంటించారు. మధ్యమధ్య స్పాంజి దిమ్మెలు, ఒక కుర్చీ. దీపం బాగా తగ్గించి బాణాల వెంట నడవమంటారు, ఎన్ని తగిలాయో రాసుకుంటారు. నన్ను గోడ పక్కన నిలబెట్టి మాట్లాడొద్దన్నారు. నాకు అంతకంటే శిక్ష లేదు.

అక్క పట్టా అంచున చెప్పులు విప్పింది. పరిచినదాని మీద చెప్పుకాలు పెట్టడం మాకు అలవాటు లేదు. పరీక్ష చేసే అమ్మాయీ ఏమీ అనలేదు. దీపం తగ్గించాక అక్క నిదానంగా నడిచింది. ఒక్క దిమ్మె కదల్లేదు. "ఛాన్, తాయీ" అని మెచ్చుకుంది ఆ అమ్మాయి మరాఠీలో.

నేను మాత్రం అక్క పాదాలే చూస్తున్నాను. బొటనవేలు ముందుకు జరిగి బాణం అంచును తడిమేది, దిమ్మెను తాకీ తాకకుండా తాకేది, ఆ తర్వాతే మడమ దిగేది. ఇంట్లోనూ ఇలాగే నడుస్తుంది కదా అనుకున్నాను. పీట జరిపినా, దారిలో బిందె పెట్టినా నా మీద అరిచేది. పెద్దరికం చూపిస్తోందని నేనూ గయ్యిమనేదాన్ని. ఒకసారి పీట తగిలి పడితే నవ్వాను కూడా. సిగ్గుతో చచ్చిపోయాను.

నోరు మూసుకుంటే చూపు బాగుందని రాసేస్తారు. "మేడం, మా అక్క కాళ్ళతోని చూస్తున్నది" అన్నాను.

అక్క మొహం మాడిపోయింది. "నీ నోట్లె మన్నువడ. పాసయినకాడ చెడగొడ్తివి గదనే."

"పాసయితె మందియ్యరక్కా."

ఆమె తిరిగి పట్టా మొదటికి వచ్చి నిలబడింది.

ఆ అమ్మాయి బాణాలూ దిమ్మెలూ మార్చి, దళసరి అడుగున్న బూట్లు తెచ్చింది. అక్క జన్మలో బూట్లు తొడగలేదు, తాళ్ళు నేనే కట్టాను. అలవాటు కావాలని ముందు గది బయట వెలుతురులో నాలుగుసార్లు నడిపించి, తర్వాత దీపం తగ్గించారు. రెండో అడుగుకే దిమ్మె పడింది. తర్వాత కుర్చీ. బాణం ఎడమకు తిరిగితే ఆమె చేతులు చాచుకుని గోడ వైపు వెళ్ళింది. పరుగున వెళ్ళి పట్టుకోవాలనిపించింది. పళ్ళు బిగించుకుని నిలబడ్డాను.

ఇదే సరైన కొలత అని రాసుకున్నారు. డాక్టరమ్మ చూసి కబురు చేస్తుందన్నారు.

బయట బెంచీ మీద అక్క నా చేయి పట్టుకుంది. "ఎన్ని తాకినయే?"

నోటిదాకా వచ్చిన అబద్ధాన్ని మింగేశాను. "తొమ్మిది" అన్నాను.

"గన్నేనా? నేనింక ఎక్కువనుకున్న." నా చేయి వదలకుండానే, "ఇంట్ల చెప్పకు. పొయ్యికాడికి రానియ్యరు" అంది.

"ఎవ్వలు రానియ్యరో నేను జూస్త."

బూట్లు తిరిగి ఇచ్చేయాలని కింద కూర్చుని తాళ్ళు విప్పాను. ఆమె పాదాలు నా ఒళ్ళోకి తీసుకున్నాను. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లగా కమిలిపోయి ఉన్నాయి, పాత దెబ్బ మీద కొత్త దెబ్బ. పదహారేళ్ళు ఆమె పక్కనే కూర్చుని అన్నం తిన్నాను, కళ్ళు బాగున్న నేను అవి ఒక్కసారీ చూడలేదు.