యానెజ్ అంకుల్‌కి నేను చేసిన సన్మానం

తిట్టి అవమానించడం ఎవరికైనా చేతనవుతుంది. శాలువా కప్పి, దండ వేసి, పత్రం చదివి, నిండు సభలో ఒక పెద్దమనిషి పరువు తీయాలంటే మాత్రం ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. ఆ ప్రతిభ నాలో ఉందన్న సంగతి నాకు ఇరవై నాలుగో ఏట మాంచెస్టర్‌లో బయటపడింది. మీరు నవ్వుకోవడానికి సిద్ధంగా ఉంటే చెబుతాను. సిద్ధంగా లేకపోయినా చెబుతాను, ఎందుకంటే మొదలుపెట్టేశాను.

2011 సంగతి. నేను తెనాలి నుంచి, రాజిరెడ్డి కరీంనగర్ నుంచి ఎమ్మెస్సీ చదవడానికి వెళ్లి, ఒక పాత ఇంట్లో పై అంతస్తు ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్లం. కింద ఇంటి ఓనర్లు, యానెజ్ అంకుల్, మార్తా ఆంటీ. ఇద్దరూ స్లొవేనియా దేశం నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినవాళ్లు. ఆంటీ మామూలు ఎత్తే. అంకుల్ ఆరున్నర అడుగులు. ఆయన మా గదిలోకి వస్తే తలుపు కూడా కాస్త తల వంచుకున్నట్టు ఉండేది.

ఆ ఇంట్లో మా ప్రధాన శత్రువు పొగ అలారం. మూకుట్లో ఆవాలు చిటపటమనేలోపే అది కీచుమనేది. నేను ఇంగువ వేస్తే చాలు, ఊరంతా తగలబడిపోతున్నట్టు గోల. ఒకరోజు నేను చారు పోపు పెడుతుంటే పక్కింటావిడ భయపడి ఫోన్ చేసింది. హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు ఫైర్‌మెన్ మెట్లెక్కి వచ్చి, మా చారు గిన్నెలోకి తొంగిచూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం అంకుల్ పైకొచ్చారు.

"నెలాఖరుకి మీ అగ్రిమెంట్ అయిపోతుంది. ఇంకో ఏడాది ఇవ్వాలో వద్దో ఆలోచిస్తాను. పెద్దగా ఆశలు పెట్టుకోకండి," అన్నారు.

ముందు డిసర్టేషన్ ఉంది. ఇంకో ఇల్లు దొరకాలంటే ఏజెంట్లు గ్యారంటర్ కావాలంటారు. మాంచెస్టర్‌లో మాకు బాగా తెలిసిన పెద్దమనిషి ఆ యానెజ్ అంకుల్ ఒక్కరే. ఆయన వెళ్లగొడుతుంటే ఆయన్నే గ్యారంటీ అడగలేం కదా!

"అరేయ్, గిదంత నీ ఇంగువ పుణ్యమేరా," అన్నాడు రాజిరెడ్డి. "ఇగ మూటాముల్లె సర్దుకునుడే."

"కంగారు పడకు. ఆయన మనసు కరిగించాలి, అంతే."

"ఎట్ల కరిగిస్తవ్? పోపు పెడ్తవా?"

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్నారు పెద్దలు. ఆరున్నర అడుగుల మనిషి జుట్టు ఎలాగూ అందదు కాబట్టి మాకు మిగిలింది కాళ్లే. నా బుర్రలో ఒక్కసారిగా వెలిగింది. "ఒరేయ్, వచ్చే ఆదివారం అంకుల్‌కి డెబ్బై నిండుతాయిట. ఆయనకి సన్మానం చేద్దాం!"

ఈ రోగం నాకు వంశపారంపర్యం. మా నాన్న మా ఊరి సాంస్కృతిక సంఘానికి కార్యదర్శి. బదిలీ మీద వచ్చిన పోస్టుమాస్టరుకి స్వాగత సన్మానం చేసేవారు, బదిలీ మీద వెళ్లేటప్పుడు వీడ్కోలు సన్మానం చేసేవారు. మధ్యలో ఖాళీగా ఉంటాడేమోనని ఉగాదికి ఇంకొకటి చేసేవారు. సన్మానం చేయించుకున్న మనిషి ఆ తర్వాత మన పని కాదనలేడన్నది మా నాన్న అనుభవంలో తేలిన సత్యం. మా ఇంటి కరెంటు కనెక్షన్ కూడా అలాగే వచ్చింది.

అయితే సన్మాన పత్రంలో ఏం రాయాలి? 'అద్దె క్రమం తప్పకుండా వసూలు చేసిన ఓ మహానుభావా' అంటే బాగుండదు. కిందింటి హాల్లో గోడ మీద ఒక నలుపు తెలుపు ఫొటో ఉండేది. అందులో పొడుగాటి కుర్రాడు బంతి పట్టుకుని నిలబడి ఉంటాడు. పార్సిల్ తీసుకునే వంకతో కిందికి వెళ్లి అడిగాను.

"బాస్కెట్‌బాల్ ఆడేవారా, అంకుల్?"

"ఆడేవాణ్ణి," అన్నారు ముక్తసరిగా.

"మీది ఏ ఊరు?"

"ఎగువూరు."

నిజానికి ఆయన చెప్పింది నోరు తిరగని పేరు. ఆ లోయలో రెండు ఊళ్లున్నాయి. మన సౌకర్యం కోసం ఒకటి ఎగువూరు, రెండోది దిగువూరు అనుకుందాం.

ఇక్కడ నేను అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది: 'మీరు ఏ క్లబ్బుకి ఆడారు?' అది అడగలేదు. ఎందుకు అడుగుతాను? మన తెలుగువాళ్లకి 'మీది ఏ ఊరు' అన్నది పరిచయం కాదు, పరిశోధన. ఊరు తెలిస్తే కులం, గోత్రం, కూరలో కారం, ఓటు ఎవరికి వేస్తాడు, అన్నీ తెలిసిపోయినట్టే లెక్క. ఎగువూరి మనిషి ఎగువూరి క్లబ్బుకి కాక ఇంకెవరికి ఆడతాడు? థాంక్స్ చెప్పి పైకొచ్చేశాను.

ఇంటర్నెట్‌లో వెతికితే ఎగువూరి క్లబ్బుకి బ్రహ్మాండమైన వెబ్‌సైటు ఉంది. ఇంగ్లీషులో చరిత్ర పేజీ కూడా ఉంది. మూడు రోజులు డిసర్టేషన్ పక్కనపెట్టి బట్టీపట్టాను. పరీక్షలకి చదివిన చదువు అందులో సగం ఉంటే ఈపాటికి ప్రొఫెసర్నయ్యేవాణ్ణి. మొదట కంకర నేల మీద ఆడేవారట. పీపాకి వేసే ఇనప కట్టుని గోడకి బిగించి, అదే బాస్కెట్ అనుకునేవారట. వాన వస్తే ఆట ఆగిపోయేది, బడి గంట కొడితే సగం టీమ్ వెళ్లిపోయేది. అప్పట్లో అదంతా యుగోస్లావియా. తర్వాత దేశం వేరుపడింది, క్లబ్బు ప్రొఫెషనల్ అయింది, స్పాన్సర్ మారినప్పుడల్లా క్లబ్బు పేరు మారింది. మన ఆడపిల్లకి ఇంటిపేరు ఒక్కసారే మారుతుంది. ఈ క్లబ్బుకి పెయింటు కంపెనీ ఇంటిపేరు ఒకసారి, బిస్కెట్ల కంపెనీ ఇంటిపేరు ఒకసారి.

పేజీ మొత్తానికి మకుటాయమానమైన ఘట్టం ఒకటుంది. పాత రోజుల్లో దిగువూరితో ఫైనల్. ఎగువూరు ఒక్క పాయింటు ముందుంది. చివరి క్షణంలో దిగువూరి 'పొడుగాటి ఆటగాడి'కి ఫ్రీ త్రోలు దొరికాయి. అంటే ఎవరూ అడ్డు రాకుండా, నింపాదిగా నిలబడి బంతి వేసుకోవచ్చు. వాడు రెండూ తప్పాడు. ఎగువూరు గెలిచింది. ఊళ్లో రెండు రోజులు పండగ.

"ఇదిరా అసలు పాయింటు!" అని ఎగిరి గంతేశాను.

రాజిరెడ్డికి ఎందుకో అనుమానం వచ్చింది. "ఒక్కపారి ఆంటీని అడుగురాదు బై. మనకెందుకు లొల్లి?"

"అడిగితే సర్‌ప్రైజ్ ఏముంటుందిరా? అంతా నేను చూసుకుంటాగా."

ఈ 'నేను చూసుకుంటాగా' అన్న మాటని నా నోట్లోంచి ఆపరేషన్ చేసి తీసేసి ఉంటే దేశం బాగుపడేది.

ఆదివారం మధ్యాహ్నం కిందింటి హాలు నిండిపోయింది. అంకుల్ స్నేహితులు, వాళ్ల భార్యలు, అందరూ స్లొవేనియా పెద్దలే. వీళ్లు చాలరన్నట్టు, ఆయన పాత టీమ్ కెప్టెన్ లోయిజ్ గారు విమానంలో దిగారు. ఆయన్ని చూసి నేను మరీ పొంగిపోయాను, గెలిచిన కెప్టెనే సభకి విచ్చేశారని! ఆంటీని అడిగి అంకుల్‌ని కుర్చీలో కూర్చోబెట్టాం. చీరల కొట్లో కొన్న జరీ అంచు శాలువా కప్పాం. ఆయన భుజాల మీద అది చేతిరుమాలులా ఉంది. రాజిరెడ్డి దండ వేశాడు. అంకుల్ మొహం మొదటిసారి మెత్తబడింది. మార్తా ఆంటీ కళ్లు తుడుచుకుంది. అగ్రిమెంట్ నా కళ్ల ముందు కదలాడింది.

గొంతు సవరించుకుని పత్రం అందుకున్నాను. తెలుగులో రాసుకుని ఇంగ్లీషులోకి మార్చిన పత్రం అది.

"ఎగువూరు అనే పాలసముద్రంలో పుట్టిన ఓ పూర్ణచంద్రుడా!"

పెద్దలు కాస్త కంగారుగా చప్పట్లు కొట్టారు. నేను రెచ్చిపోయాను. కంకర నేల, పీపా కట్టు, స్పాన్సర్లు అన్నీ చదివి, చివరికి ఫైనల్‌కి వచ్చాను. "ఆ చారిత్రక దినాన, చేతగాని దిగువూరి పొడుగాటి ఆటగాడు రెండు ఫ్రీ త్రోలూ తప్పగా, మీరు విజయలక్ష్మిని వరించారు!"

'చేతగాని' అన్నది వెబ్‌సైటులో లేదండోయ్. అది నా సొంత కవిత్వం.

చప్పట్లు లేవు. లోయిజ్ గారు ముందుకి వంగి, "ఆ వాక్యం మళ్లీ చదువు," అన్నారు.

మా ఊళ్లో నాటకాల్లో పద్యం బాగుంటే వన్స్‌మోర్ కొడతారు. అదే అనుకున్నాను. ఈసారి చెయ్యెత్తి, గొంతు పెంచి, 'చేతగాని' దగ్గర రాగం తీసి మరీ చదివాను.

మార్తా ఆంటీ కొంగు లేక చేతులతోనే మొహం కప్పుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఆనందబాష్పాలనుకున్నాను. అంకుల్ నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

"ఆ పొడుగాటి ఆటగాడి పేరు తెలుసా నీకు?"

"వెబ్‌సైటులో రాయలేదు అంకుల్. ఓడిపోయినవాడి పేరు ఎవడిక్కావాలి?"

"వాడు నేనే."

భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మాంచెస్టర్ కౌన్సిల్ ఫుట్‌పాత్‌లని అంత గట్టిగా వేసింది కాబోలు, ఏమీ బద్దలవలేదు.

"పుట్టింది ఎగువూర్లో. ఆడింది దిగువూరికి," అన్నారు అంకుల్. "అవి తప్పాక దిగువూరివాళ్లు, సొంతూరి కోసం కావాలని తప్పావన్నారు. అదైనా భరించాను. ఎగువూరివాళ్లు మా ఇంటికొచ్చి థాంక్స్ చెప్పి వైన్ సీసా ఇచ్చి వెళ్లారు. అది భరించలేక ఈ దేశం వచ్చేశాను. ఇన్నేళ్ల తర్వాత నువ్వొచ్చి శాలువా కప్పావు."

శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, పత్రం నా చేతిలోంచి లాక్కుని, లోపలికి వెళ్లిపోయారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, నా విషయంలో నాలుక ఊడిపోయినా బాగుండేది, ముందే ఊడి ఉంటే.

పైకొచ్చాం. రాజిరెడ్డి సూట్‌కేస్ మంచం మీదికి ఎత్తాడు. అందులో బట్టలు కుక్కుతూ అన్నాడు, "చేతగాని అంటివి చూడు, గదిరా హైలైటు! ఒక్కపారి సరిపోదని రెండుపార్లు!"

నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. ఇల్లు పోతుందన్న దిగులు నిజమే గానీ, అంతకంటే ఆ పెద్దాయన మొహమే గుర్తొచ్చి గిలగిల్లాడిపోయాను. పుట్టినరోజు నాడు ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి గుచ్చాను కదా!

మర్నాడు పొద్దున్నే తలుపు మీద టకటక. అంకుల్! చేతిలో కాగితం. నోటీసే అనుకుని అందుకున్నాను. అది నా సన్మాన పత్రమే. నిండా ఎర్ర సిరా దిద్దుళ్లు. 'చేతగాని' అన్న మాటకి మాత్రం ఆయన ఏమీ చేయలేదు. 'రెండు' అన్న మాట కొట్టేసి పైన 'మూడు' అని రాశారు.

"మూడా?"

"మూడు. రెండోది తప్పాక, ఎగువూరివాడు గీత ముందే దాటాడని రిఫరీ ఇంకొకటి వేయమన్నాడు. అదీ తప్పాను. చరిత్ర రాస్తే పూర్తిగా రాయాలి."

"క్షమించండి అంకుల్. ఇవాళే ఇల్లు ఖాళీ చేసి..."

"ఇల్లెవడు ఖాళీ చేయమన్నాడు? కంప్యూటర్ తియ్యి."

అర్థంకాక తీశాను. ఆయన నా పక్కన కూర్చున్నారు. మోకాళ్లు టేబుల్ పైకొచ్చాయి. ఆ చరిత్ర పేజీ పెట్టమన్నారు. ఆ వాక్యం మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

"నా పేరు అక్కడ పుస్తకాల్లో, గోడల మీద, పిల్లల నోళ్లలో ఉంటుందనుకుని ఇన్నేళ్లూ ఆ లోయలో అడుగుపెట్టలేదు. రాత్రి లోయిజ్, నేను పడీ పడీ నవ్వుకున్నాం. వీళ్లు నా పేరే రాయలేదు! మా దిగువూరి క్లబ్బు మూసేసి చాలాకాలమైంది. మేమూ ఆడామని చెప్పే వాక్యం లోకంలో ఇదొక్కటే మిగిలింది. అందులో పొడుగాటి ఆటగాడట! పొడుగాటి ఆటగాడంటే ఎవడు? కరెంటు స్తంభమా?" ఆయన కంప్యూటర్‌ని నా ముందుకి నెట్టారు. "రాయి. నా పేరు పెట్టమని క్లబ్బుకి మెయిలు రాయి. మూడు అని కూడా రాయి."

నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ అప్లికేషనూ రాయలేదు. కొన్నాళ్లకి క్లబ్బు నుంచి జవాబొచ్చింది. పేరు చేర్చారు, మూడు అని దిద్దారు, ఆ నలుపు తెలుపు ఫొటో కూడా పంపమన్నారు. పేజీని ప్రింటు తీసి ఇస్తే అంకుల్ దాన్ని చూపించడానికి వీధిలో ఒక్క ఇల్లు వదల్లేదు. చారు పోపుకి ఫైర్‌మెన్‌ని పిలిపించిన పక్కింటావిడని కూర్చోబెట్టి, మూడో ఫ్రీ త్రో ఎలా తప్పిందో నిలబడి వేసి చూపించారు.

"ఇన్నేళ్లూ ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు," అంది మార్తా ఆంటీ నాతో. "ఇప్పుడు ఆపమన్నా ఆపడు. పాపం ఎవరిదో తెలుసా? నీదే. కాబట్టి నువ్వే విను." ఆ సాయంత్రమే అగ్రిమెంట్ మీద ఇంకో ఏడాదికి సంతకం పెట్టించి నా చేతిలో పెట్టింది.

ఇన్నాళ్లకి, పాఠకమహాశయుల సాక్షిగా, చారు గిన్నె మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఊరు పేరు విని మనిషి చరిత్ర రాయను. ఎవరికీ సన్మానం చేయను. ఒకవేళ రోగం తిరగబెట్టి చేయాల్సివస్తే మాత్రం, ఆయన ఏం గెలిచారో ఇంటర్నెట్‌లో వెతకను. ఏం ఓడిపోయారో ఆయన్నే అడిగి, పేరుతో సహా మొదటి వాక్యంలోనే రాస్తాను.